ఏవీఎన్ఆర్టీకి క్రయో అబ్లేషన్: ఎవరికి పనికొస్తుంది, ఎట్టా చేస్తారు, ఎక్కడ తేడా కొడుతుంది?

సింగరాయకొండ
బంధువుల అమ్మాయి, 19 ఏళ్లు, 44 కిలోలు. ఉన్నట్టుండి గుండె నిమిషానికి 190 పైన కొట్టుకుంటుంది. అడినోసిన్ ఇస్తే ఠక్కున ఆగింది. ఏవీఎన్ఆర్టీ (పై గదుల నుంచి కింది గదులకు కరెంటు దాటించే ఏవీ నోడ్ దగ్గర సుడి తిరిగి వచ్చే దడ) అన్నారు. ఒకచోట ఆర్‌ఎఫ్‌తో (రేడియో తరంగాల వేడితో) కాల్చేస్తామన్నారు. ఇంకోచోట చిన్న వయసు గనక క్రయో (చలవతో గడ్డ కట్టించడం) మేలన్నారు, ఖర్చు ఎక్కువ చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లకేమో "గుండెను ఐసు గడ్డ చేస్తారంట" అని బెదురు. ఈ రెండిటికీ తేడా ఏంది? సొంత కథలు వద్దు, లోపల పని ఎట్టా జరుగుతుందో తెలిసినవాళ్లు రాయండి.

కావలి ఫిజీషియన్
క్రయోనా ఆర్‌ఎఫ్ఫా అనేది తర్వాత. దడ వచ్చినప్పుడు తీసిన 12 లీడ్ల ఈసీజీ కాగితం ఉందా? అదే అన్నిటికన్నా విలువైనది. దాన్ని మామూలప్పుడు తీసిన ఈసీజీ పక్కన పెట్టి చూడాలి. ఏవీఎన్ఆర్టీలో పై గదులూ కింది గదులూ దాదాపు ఒకేసారి కొట్టుకుంటాయి, అందుకని పై గదుల గుర్తయిన పీ తరంగం కింది గదుల గుర్తయిన క్యూఆర్ఎస్‌లో కలిసిపోతుంది, లేదా దాని తోకలో కొంచెం బయటపడుతుంది. వీ1లో మామూలప్పుడు లేని చిన్న ఆర్ మొలక, 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో చిన్న ఎస్ గుంట కొత్తగా కనిపిస్తే అనుమానం గట్టిపడుతుంది. మామూలు ఈసీజీలో డెల్టా తరంగం ఉంటే అది డబ్ల్యూపీడబ్ల్యూ (పుట్టుకతో ఉండే అదనపు కరెంటు దారి), లెక్క పూర్తిగా వేరు.

అడినోసిన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రోగనిర్ధారణలో సగం అక్కడే పోతోంది. చాలాచోట్ల ఈసీజీ మిషన్ ఆపేసి మందు ఇస్తారు. ఆగే క్షణంలో కాగితం మీద పడే గీతలే ఈపీ (గుండె కరెంటు దారులు చూసే) డాక్టరుకు కావలసింది. మిషన్ నడుస్తుండగానే ఇవ్వాలి. రక్తంలో దాని అర్ధాయువు 10 సెకన్ల లోపే. మోచేతి మడతలో పెద్ద సిర, 18 లేదా 20 గేజి క్యాన్యులా, త్రీవే (మూడు దారుల కుళాయి). 6 మి.గ్రా. ఒక్క తోపు, వెంటనే 20 మి.లీ. సెలైన్ ఇంకో తోపు, చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. ఆగకపోతే 12 మి.గ్రా. అరచేతి వెనక సన్నసిరలో నిదానంగా ఎక్కిస్తే గుండెకు చేరేలోపే మందు కరిగిపోతుంది. అప్పుడు కేస్‌ షీట్‌లో "అడినోసిన్‌కు లొంగలేదు" అని రాసేస్తారు, రోగం పేరే మారిపోతుంది.

మన వైపు ఇంకో తంటా ఉంది. ఆయాసం అనగానే పల్లెల్లో ముందు డెరిఫిల్లిన్ సూది పడుతుంది. అందులోని థియోఫిల్లిన్ అడినోసిన్‌కు అడ్డం తగులుతుంది, పైపెచ్చు గుండె వేగాన్ని పెంచుతుంది. ఆస్పత్రికి వచ్చేముందు ఏం సూది వేశారో అడగకుండా అడినోసిన్ పని చెయ్యలేదని తీర్మానించకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అడినోసిన్ బదులు వెరపమిల్ 5 మి.గ్రా. నిదానంగా ఇవ్వొచ్చు, కాకపోతే క్యూఆర్ఎస్ సన్నగా, క్రమంగా ఉంటేనే, బీపీ బాగుంటేనే. బీపీ పడిపోయి మనిషి తూలుతుంటే మందుల జోలికి పోకుండా సింక్రొనైజ్డ్ షాకు (గుండె స్పందనకు జత కలిపి ఇచ్చేది), 50 నుంచి 100 జౌళ్లు.

ఈఎంటీ కనిగిరి
సార్ చెప్పినదానికి ముందు మెట్టు కూడా రాస్తా, ఇంటి దగ్గర పనికొస్తుంది. మార్చిన వల్సాల్వా. మనిషిని సగం కూర్చున్నట్టు ఆనించి, 10 మి.లీ. సిరంజి మూతిలో గట్టిగా ఊదమనాలి, లోపలి పిస్టను కదిలేంత బలంగా, 15 సెకన్లు. ఊదడం ఆపగానే వెల్లకిలా పడుకోబెట్టి రెండు కాళ్లూ 45 డిగ్రీలు ఎత్తి ఇంకో 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో రివర్ట్ అనే అధ్యయనంలో 428 మంది మీద చూస్తే మామూలు పద్ధతిలో 17 శాతం మందికి ఆగితే, కాళ్లెత్తిన పద్ధతిలో 43 శాతం మందికి ఆగింది. పైసా ఖర్చు లేదు. కళ్లు నొక్కడం మాత్రం చెయ్యొద్దు, కంటికే ప్రమాదం. పెద్దవాళ్లకు మెడ దగ్గర నొక్కడం డాక్టరు చూడకుండా వద్దు.

పొదిలి
అన్నా, ఛాతీ మీద ఐసు పెడితే దడ తగ్గుతుందంటారు, అదేనా ఈ క్రయో అంటే?

ఈఎంటీ కనిగిరి
కాదు తమ్ముడూ. ఛాతీ మీద పెడితే చలి తప్ప ఏం ఒరగదు. చల్లదనం ముఖం మీద, నుదురు, ముక్కు దగ్గర తగిలితే వేగస్ నరం లేచి గుండె నెమ్మదిస్తుంది. పసిబిడ్డలకు ఆస్పత్రిలో ఆ పద్ధతి వాడతారు. క్రయో అంటే కేథటర్ (సిరలోంచి గుండెకు పంపే సన్న గొట్టం) కొనతో గుండె లోపల ఒక చిన్న చోటును గడ్డ కట్టించడం. రెండిటికీ సంబంధం లేదు.

పెన్నా తీరం
నేను ఈపీ చేస్తాను. విషయంలోకి వస్తా.

కుడి పై గదిలో, అడుగున, ఏవీ నోడ్ చుట్టూ కాక్ త్రికోణం అని ఒక చిన్న చోటు ఉంటుంది. దాని కొన వైపు హిస్ కట్ట (కింది గదులకు కరెంటు మోసే అసలు తీగ), అడుగు వైపు కరోనరీ సైనస్ (గుండె కండ సొంత సిర) నోరు. కొందరిలో నోడ్‌కు చేరే దారులు రెండు పనిచేస్తుంటాయి. పైన వేగంగా పోయేది ఫాస్ట్ పాత్‌వే, కింద సైనస్ నోటి దగ్గర నిదానంగా పోయేది స్లో పాత్‌వే. ఒక అకాల స్పందన పడితే కరెంటు ఒకదాంట్లో దిగి రెండోదాంట్లో ఎక్కుతూ గుండ్రంగా తిరుగుతుంది. అదే 190. చికిత్స అంటే కింది దారిని మూసేయడం. అక్కడికి కొద్ది మిల్లీమీటర్ల పైన ఉన్న అసలు తీగకు దెబ్బ తగలకూడదు. తగిలితే పూర్తి బ్లాకు (కింది గదులకు కరెంటు చేరకపోవడం), జీవితాంతం పేస్‌మేకర్. 19 ఏళ్ల పిల్లకు పేస్‌మేకర్ అంటే బ్యాటరీ మార్పిళ్లు ఎన్నో లెక్కేసుకోండి. ఈ భయం మీదే క్రయో నిలబడింది.

ఆర్‌ఎఫ్‌లో 4 మి.మీ. కొన, 50 వాట్ల లోపు, 55–60 డిగ్రీలు, ఒక్కో దెబ్బ 30–60 సెకన్లు. సరైన చోట పడితే జంక్షనల్ స్పందనలు (నోడ్ దగ్గరే పుట్టేవి) వస్తాయి, అదే మనకు గుర్తు. అవి మరీ వేగంగా వచ్చినా, ఆ స్పందనలు పై గదికి చేరకపోయినా, పీఆర్ (పై గది నుంచి కింది గదికి కరెంటు చేరే టైము) సాగినా పెడల్ మీద నుంచి కాలు తీసేయాలి, ఆ క్షణమే. ఆలస్యమైతే కాలింది కాలినట్టే, వెనక్కి రాదు.

చలవ వేరుగా పని చేస్తుంది. మైనస్ 30 దగ్గర కొద్దిసేపు ఉంచితే కణం మొద్దుబారుతుంది, చావదు. వేడెక్కనిస్తే మళ్లీ పని మొదలెడుతుంది. అందుకని ముందు పరీక్ష పెట్టొచ్చు: ఈ చోట గడ్డ కట్టిస్తే స్లో పాత్‌వే ఆగుతుందా, హిస్ వైపు తేడా కొడుతుందా? దీన్ని క్రయోమ్యాపింగ్ అంటారు. బాగుంటేనే మైనస్ 70–80కి దించి 4 నిమిషాలు. మైనస్ 40 దాటాక కణం లోపలే మంచు స్ఫటికాలు కట్టి పొరలు చిరుగుతాయి. కరిగేటప్పుడు చిన్న స్ఫటికాలు కలిసి పెద్దవై ఇంకా చీలుస్తాయి, సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. నష్టంలో పెద్ద వాటా కరిగేటప్పుడే జరుగుతుంది. కాబట్టి దానంతట దాన్నే నిదానంగా కరగనిచ్చి మళ్లీ గడ్డ కట్టిస్తే మచ్చ గట్టిగా వస్తుంది.

రెండో లాభం అతుక్కోవడం. గడ్డ కట్టగానే కొన కండకు అంటుకుంటుంది. ఊపిరి తీసినా, గుండె వేగం మారినా జారదు. దడ నడుస్తుండగా ఆర్‌ఎఫ్ ఇస్తే, దడ ఆగిన కుదుపుకు కొన పైకి జారి హిస్ మీద పడే ప్రమాదం ఉంది. క్రయోలో దడ నడుస్తుండగానే గడ్డ కట్టించి, అది నెమ్మదించి ఆగడం నిదానంగా చూడొచ్చు.

ఈపీ ల్యాబ్ టెక్
సార్ చెప్పిన పని టేబుల్ మీద ఎట్టా నడుస్తుందో నేను రాస్తా.

కుడి తొడ సిరలోంచి దారి గొట్టాలుగా మూడు నాలుగు షీత్‌లు. పై గదికొకటి, హిస్ దగ్గరొకటి, కుడి కింది గదికొకటి, కరోనరీ సైనస్‌లోకి పది ఎలక్ట్రోడ్ల కేథటర్ ఒకటి. ముందు స్టడీ. పై గదిలో పేసింగ్ (కరెంటుతో గుండెను కొట్టించడం) ఇస్తూ ఎక్స్‌ట్రా స్పందనను 10 మిల్లీసెకన్ల చొప్పున ముందుకు లాక్కొస్తాం. ఒకచోట ఏహెచ్ వ్యవధి (పై గది నుంచి హిస్ దాకా పట్టే టైము) ఒక్కసారిగా 50 మిల్లీసెకన్లో అంతకన్నా ఎక్కువో ఎగురుతుంది. అదే జంప్, రెండు దారులున్నాయని సాక్ష్యం. ఆ తర్వాత దడ రావాలి. రాకపోతే ఐసోప్రినలిన్ (గుండె వేగం పెంచే మందు) నిమిషానికి 1–4 మైక్రోగ్రాములు.

క్రయో కేథటర్లు 4, 6, 8 మి.మీ. కొనలతో వస్తాయి. మెడ్‌ట్రానిక్ వాళ్ల ఫ్రీజర్ వరసలో 4, 6 రెండూ 7 ఫ్రెంచి (గొట్టం లావు కొలత), 8 మి.మీ. 9 ఫ్రెంచి, షీత్ ముందే సరిపడా పెట్టుకోవాలి. 4 మి.మీ. మచ్చ చిన్నది, దడ తిరగబెట్టడం ఎక్కువ. పెద్దవాళ్ల ఏవీఎన్ఆర్టీకి 6 మి.మీ. వాడటం మామూలైపోయింది.

మైనస్ 30లో 60 సెకన్ల దాకా చూస్తాం. ఆ టైములో పేసింగ్ ఇస్తూ జంప్ పోయిందా చూడాలి. ఏమీ మారకపోతే కరగనిచ్చి ఒకటి రెండు మి.మీ. జరిపి మళ్లీ. ఏహెచ్ సాగితే వెంటనే ఆపు. బాగుంటే అక్కడే, కేథటర్ కదపకుండా, పూర్తి చలవకు మారతాం.

కొత్తవాళ్లు తడబడే చోట్లు చెప్తా. గడ్డ కట్టడం మొదలవగానే కొన సిగ్నల్‌లో గోల మొదలై గీత పాడవుతుంది. అది వైరు లూజు కాదు, కొన మీద మంచు. ఇక ఆ కేథటర్ సిగ్నల్‌ను నమ్ముకోకుండా హిస్ కేథటర్ మీదే కన్ను పెట్టాలి. ఆర్‌ఎఫ్‌కు అలవాటు పడ్డవాళ్లు జంక్షనల్ స్పందనల కోసం ఎదురుచూస్తారు, చలవలో అవి రావు. రాలేదని చోటు తప్పనుకుని కదిపేస్తే మంచి చోటు పోతుంది.

మ్యాపింగ్‌లో అంతా బాగుందని 4 నిమిషాలు వదిలేసి మానిటర్ నుంచి తల తిప్పకూడదు. మంచు గడ్డ లోతుకూ పక్కకూ పెరుగుతూనే ఉంటుంది, మూడో నిమిషంలో కూడా బ్లాకు రావొచ్చు. పీఆర్ సాగినా, ఒక్క స్పందన జారినా ఫ్రీజ్ ఆపాలి. సెకన్లలో, ఒక్కోసారి నిమిషాల్లో తిరిగొస్తుంది. కుడి కింది గది కేథటర్ పేసింగ్‌కు సిద్ధంగా ఉండాలి.

ఫ్రీజ్ ఆపిన వెంటనే లాగొద్దు. మెలితిప్పొద్దు కూడా. ఉష్ణోగ్రత సున్నా దాటి పైకి వచ్చి, కొన సిగ్నల్ శుభ్రంగా కనిపించేదాకా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. అతుక్కుని ఉండగా లాగితే కండ చిరుగుతుంది.

పెన్నా తీరం
బాగా రాశారు. ఒకటి కలుపుతా: కేథటర్ వట్టిగా నోడ్ దగ్గర ఒత్తినా బ్లాకు వస్తుంది, అది చలవ తప్పు కాదు. ఫ్రీజ్ మొదలెట్టకముందు పీఆర్ ఎంతుందో నోట్ చేసుకోకపోతే ఏది దేనివల్లో తేలదు.

బయోమెడ్ ఒంగోలు
అందరూ కేథటర్ కొన గురించే రాస్తున్నారు, గ్యాసు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎండాకాలం మన జిల్లాల్లో మిషన్ మొరాయించేది అక్కడే.

లోపల తిరిగేది నైట్రస్ ఆక్సైడ్, మత్తు డాక్టర్లు వాడేదే, నీలం సిలిండర్. కన్సోల్ (చలవ నడిపే మిషన్) నుంచి ద్రవం సన్న గొట్టంలో కొన దాకా పోతుంది, అక్కడ ఒక్కసారిగా ఒత్తిడి పడిపోయి ఆవిరవుతుంది, చుట్టూ వేడిని లాక్కుంటుంది. అది మరిగేది మైనస్ 88 దగ్గర. అందుకే కొన మైనస్ 80 దాకా దిగగలదు. వాడిన గ్యాసు బయటి గొట్టం గుండా వాక్యూమ్‌తో వెనక్కి వస్తుంది, రక్తంలోకి ఒక్క బుడగ కూడా పోదు. లోపలికి రక్తం చేరినా, లీకు అయినా కన్సోల్ పసిగట్టి గ్యాసు కట్టేస్తుంది.

ఇప్పుడు సంగతేందంటే, నైట్రస్ ఆక్సైడ్ క్రిటికల్ ఉష్ణోగ్రత 36.4 డిగ్రీలు. అది దాటితే ఎంత నొక్కినా సిలిండర్‌లో ద్రవం ఉండదు, అంతా వాయువే. రోహిణి కార్తెలో లారీ మీద ఎండలో వచ్చిన సిలిండర్‌ను తెచ్చి అట్టనే తగిలిస్తే కొనకు ద్రవం చేరదు, ఒత్తిడి మాత్రం 72 బార్ దాటి కూర్చుంటుంది. చలవ సరిగ్గా దిగదు, కన్సోల్ గొడవ చేస్తుంది. ముందురోజే ఏసీ గదిలోకి తెచ్చి రాత్రంతా ఉంచాలి. వరండాలో గొలుసు కట్టి నిలబెట్టడం కుదరదు. వేడి దేశాల్లో ఈ సిలిండర్‌ను 0.67 నిష్పత్తికే (అందులో పట్టే నీటి బరువుతో పోల్చి) నింపేది, చల్లటి దేశాల్లో 0.75 దాకా నింపేది ఈ ఒత్తిడి భయంతోనే.

ఇంకోటి, గేజి చూసి మోసపోవద్దు. 20 డిగ్రీల గదిలో నిండు సిలిండర్ 50 బార్ చూపిస్తుంది, పావు మిగిలినా అంతే చూపిస్తుంది. ద్రవం అడుగంటాకే ముల్లు పడుతుంది. ఎంత మిగిలిందో తూకం వేసి చూడాలి. నాలుగు నిమిషాల ఫ్రీజ్ మధ్యలో ఆగిపోతే సగం మచ్చ, సగం వాపు మిగులుతాయి.

ఎగ్జాస్ట్ గొట్టం గోడలోని స్కావెంజింగ్ (వాడిన గ్యాసును బయటికి లాగే) లైనుకు తగిలించాలి. గదిలోకే వదిలితే రోజంతా నిలబడే స్టాఫ్‌కు నష్టం. అమెరికా నియోష్ సంస్థ పెట్టిన హద్దు పది లక్షల్లో 25 వంతులు. ఇక ఈ కేథటర్ రెండోసారి వాడకూడదు. డయాగ్నోస్టిక్ కేథటర్లు మళ్లీ స్టెరిలైజ్ చేసి వాడే అలవాటు మన దేశంలో ఉంది, కానీ ఇది అధిక ఒత్తిడి గ్యాసు మోసే గొట్టం. లోపలి గొట్టం ఎక్కడ నలిగిందో పైకి కనబడదు.

గూడూరు కార్డియో
ఇదంతా విని క్రయో ఒక్కటే క్షేమం అనుకోవద్దు. సైరానో అధ్యయనం 2010లో వచ్చింది, 509 మంది ఏవీఎన్ఆర్టీ వాళ్లు. ఆరు నెలల్లో దడ తిరగబెట్టింది ఆర్‌ఎఫ్‌లో 4.4 శాతం, క్రయోలో 9.4 శాతం. శాశ్వత బ్లాకు ఆర్‌ఎఫ్‌లో ఒక్కరికి, క్రయోలో ఎవరికీ లేదు. క్రయోకు టైమూ ఎక్కువ పట్టింది, మిషన్ ఇబ్బందులూ ఎక్కువ. అంటే ఒక్కరిని బ్లాకు నుంచి తప్పించడానికి పదీ పన్నెండు మందిని మళ్లీ టేబుల్ ఎక్కించాలి. చెయ్యి తిరిగినవాళ్లు, సైనస్ నోటికి కింద, త్రికోణం అడుగున మాత్రమే ఆర్‌ఎఫ్ ఇస్తే బ్లాకు అరుదు. 44 కిలోల మనిషి చిన్నపిల్ల కాదు.

పెన్నా తీరం
లెక్క తప్పు కాదు సార్. కానీ రెండోసారి టేబుల్ ఎక్కడం, జీవితాంతం పేస్‌మేకర్, ఈ రెండూ ఒక తూకంలో పెట్టేవి కావు. పైగా సైరానోలో వాడింది ఆనాటి పద్ధతి. ఎండ్‌పాయింట్ (ఎక్కడ ఆపాలో చెప్పే గురి) గట్టిగా పెట్టుకుంటే తిరగబెట్టేది తగ్గించుకోవచ్చు. ఆర్‌ఎఫ్‌లో జంప్ మిగిలి, ఒక్క ఎకో స్పందన (ఒక్క చుట్టు తిరిగి ఆగేది) ఉన్నా దడ రాకపోతే చాలంటాం. క్రయోలో నేను అంతటితో ఊరుకోను. జంప్ పూర్తిగా పోవాలి, అదే చోట ఇంకో ఫ్రీజ్ బోనస్‌గా, పక్కన ఒకటి. 30 నిమిషాలు ఆగి ఐసోప్రినలిన్‌తో మళ్లీ పరీక్ష. చలవలో మొద్దుబారిన కణం తిరిగి లేచే అవకాశం ఉన్నప్పుడు 10 నిమిషాలకే షీత్‌లు పీకేయడమే అసలు తప్పు.

గూడూరు కార్డియో
జంప్ పూర్తిగా పోవాలనే పట్టుదలతోనే పైకి పైకి జరిపి హిస్ దగ్గరికి పోతారు. దాంట్లోనూ ముప్పుంది.

పెన్నా తీరం
పైకి జరపమని ఎవరన్నారు సార్? అడుగునే, పక్కపక్కన. పైకి పోవాల్సి వస్తే అప్పుడే మైనస్ 30 పరీక్ష విలువ తెలిసేది. నేను మొదట ఆర్‌ఎఫ్ ఎంచుకునే కేసులే ఎక్కువ. స్లో పాత్‌వే సిగ్నల్ హిస్‌కు అతి దగ్గరగా ఉన్నా, త్రికోణం ఇరుగ్గా ఉన్నా, ముందే పీఆర్ సాగి ఉన్నా, చిన్నపిల్లలైనా క్రయో అడుగుతాను. ఈ అమ్మాయి విషయం స్టడీలో కేథటర్లు పెట్టి చూశాకే తేలుతుంది. రెండూ చేతిలో ఉన్న ల్యాబ్ అయితే అక్కడికక్కడే నిర్ణయించొచ్చు.

మత్తు డాక్టర్, నెల్లూరు
మత్తు సంగతి. ఎక్కువ మత్తిస్తే దడే రాదు, స్టడీ వృథా. పెద్దవాళ్లకు కొద్దిగా మిడజోలం, ఫెంటనిల్ చాలు. డెక్స్‌మెడిటోమిడిన్ ఏవీ నోడ్‌ను నెమ్మదింపజేస్తుంది, స్టడీ అయ్యేదాకా దాని జోలికి పోవద్దు. సైనస్ నోటి దగ్గర ఆర్‌ఎఫ్ ఇచ్చేటప్పుడు నొప్పికి మనిషి ఉలిక్కిపడతాడు, ఆ కదలికకు కొన జారుతుంది. చలవలో నొప్పి తక్కువ, అది కూడా ఒక భద్రతే.

వార్డు సిస్టర్
వచ్చేవాళ్లకు మా వైపు నుంచి. మెటోప్రొలాల్, వెరపమిల్ లాంటివి డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆపాలి, అర్ధాయువుకు ఐదు రెట్ల టైము పోతేనే స్టడీ సరిగ్గా వస్తుంది. చెప్పకుండా మీ అంతట మీరు ఆపొద్దు. ముందురోజు రాత్రి చేపల పులుసుతో తినండి, ఎవరూ కాదనరు, కానీ పనికి 6 గంటల ముందు నుంచి ఘనాహారం బంద్, తెల్లారి టీ కూడా వద్దు. టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, పొటాషియం రిపోర్టులు తెచ్చుకోండి. ఆడవాళ్లకు ఎక్స్‌రే ఉంటుంది గనక గర్భ పరీక్ష తప్పదు, పెళ్లి కాలేదని చెప్పినా అడుగుతారు, అందులో అవమానమేం లేదు.

షీత్ తీశాక 10–15 నిమిషాలు చేత్తో నొక్కుతాం. ఆ తర్వాత 4–6 గంటలు కాలు మడవకుండా పడుకోవాలి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా ఆ చోట అరచేత్తో ఒత్తి పట్టుకోండి. చెన్నైలో చేయించుకుని నెల్లూరు వచ్చేవాళ్లు 175 కిలోమీటర్లు కాలు మడిచి కారులో ఒక్క బిగిన రావొద్దు. మధ్యలో రెండుసార్లు దిగి నాలుగడుగులు నడవండి, సిరలో గడ్డ కట్టకుండా. గజ్జలో నీలం మచ్చ వారం పది రోజులు ఉంటుంది. గడ్డలా ఉబ్బితే, కాలు వాస్తే, ఆయాసం వస్తే ఆగకుండా రావాలి. వారం పాటు బిందెలు, బియ్యం బస్తాలు ఎత్తొద్దు.

పొదిలి
మా నాన్నకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్, పై గదులు క్రమం తప్పి వణకడం) ఉంది. బెలూన్‌తో గడ్డ కట్టిస్తారంటున్నారు. ఇదేనా?

పెన్నా తీరం
సూత్రం ఒకటే, పని వేరు, ప్రమాదం వేరు. అక్కడ ఎడమ పై గదిలోకి, గోడకు సూది రంధ్రం చేసి పోవాలి. ఊపిరితిత్తుల సిరల నోళ్ల దగ్గర 28 మి.మీ. బెలూన్ ఉబ్బించి ఒక్కోదానికి 3–4 నిమిషాలు చలవ. హెపారిన్ ఇచ్చి ఏసీటీ (రక్తం గడ్డకట్టే టైము) 300 సెకన్ల పైన నిలపాలి. కుడి సిరలు చేసేటప్పుడు పక్కనే పోయే ఫ్రెనిక్ నరానికి పేసింగ్ ఇస్తూ, పొట్ట మీద చెయ్యి పెట్టి డయాఫ్రం ఎగురుతోందా చూస్తుంటారు. ఎగరడం తగ్గగానే ఆపాలి. 2016 నాటి ఫైర్ అండ్ ఐస్ అధ్యయనంలో, 762 మందిలో, బెలూన్‌కూ ఆర్‌ఎఫ్‌కూ ఫలితంలో తేడా లేదు. బెలూన్ వాళ్లలో 2.7 శాతానికి ఆ నరం దెబ్బతింది, ఎక్కువమందికి తర్వాత కోలుకుంది. రక్తం పలచన చేసే మందు కనీసం రెండు నెలలు, ఆ తర్వాత స్ట్రోకు ముప్పును బట్టి. ముందు ఎకో తీయించండి. మన దగ్గర కీళ్లజ్వరం వల్ల మైట్రల్ వాల్వు సన్నబడి ఏఎఫ్ వచ్చినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లకు ముందు వాల్వు సంగతి చూడాలి. వివరాలకు వేరే చర్చ మొదలెట్టండి, ఇక్కడ కలగాపులగం అవుతుంది.

సింగరాయకొండ
అందరికీ దండాలు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఏమేం అడగాలి?

ఈపీ ల్యాబ్ టెక్
కేథ్‌ల్యాబ్ ఉందా అని అడగొద్దన్నా, అది యాంజియోగ్రామ్‌కూ ఉంటుంది. ఈపీ రికార్డర్ ఉందా, ఈపీ డాక్టరు ఏ రోజుల్లో వస్తారు, క్రయో కన్సోల్ అక్కడే ఉంటుందా లేక కేసు రోజు కంపెనీ వాళ్లు తెస్తారా? తెచ్చేటట్టయితే స్టడీలో అవసరం తేలితే అదే రోజు దొరుకుతుందా, ఇంకో రోజు మళ్లీ టేబుల్ ఎక్కాలా? 6 మి.మీ. కేథటర్ స్టాకులో ఉందా? ఐసోప్రినలిన్ ఉందా? ఒక్కోసారి అదే దొరకదు. సింగరాయకొండ నుంచి మీకు గుంటూరు, విజయవాడ ఒకవైపు, తిరుపతి, చెన్నై ఒకవైపు. దూరం చూసి కాదు, ఈ జవాబులు చూసి ఎంచుకోండి. వైద్యసేవ కార్డు ఉంటే ఆరోగ్యమిత్రను ముందే కలిసి, ప్యాకేజీలో ఆర్‌ఎఫ్ మాత్రమే ఉందా, క్రయో కేథటర్ ధర చేరుతుందా, ముందస్తు అనుమతి ఎన్ని రోజులు పడుతుందో కాగితం మీద రాయించుకోండి.

కావలి ఫిజీషియన్
అబ్లేషన్ తప్పనిసరి అని కూడా లేదు. ఏవీఎన్ఆర్టీతో ప్రాణం పోవడం చాలా అరుదు. ఏడాదికి ఒకసారి వచ్చి వల్సాల్వాతో ఆగిపోతుంటే ఆగి చూడొచ్చు. తరచుగా వస్తే, కళ్లు తిరిగి పడిపోతుంటే, పెళ్లి, గర్భం ముందున్నాయని మందులు వద్దనుకుంటే అప్పుడు చేయించండి.

చేయించాక మొదటి వారాల్లో అప్పుడప్పుడు ఒక స్పందన తప్పినట్టో, గుండె ఒక్క క్షణం ఎగిరినట్టో ఉంటే అది తిరగబెట్టడం కాదు. మళ్లీ అదే తీరుగా స్విచ్ వేసినట్టు మొదలై, స్విచ్ ఆపినట్టు ఆగితేనే అనుమానించాలి. అప్పుడు దగ్గర్లోని ఏ పీహెచ్‌సీలోనైనా సరే, దడ ఆగకముందే ఈసీజీ తీయించి ఆ కాగితాన్ని జిరాక్స్ చేయించి పెట్టండి. ఈసీజీ కాగితం మీది రాత ఎండ తగిలితే ఏడాదికే వెలిసిపోతుంది, లామినేషన్ వేడికి నల్లబడిపోతుంది.